లాటిన్‌లో తప్పిన బారిస్టర్

రిజల్ట్స్ పేజీలో హాల్‌టికెట్ నంబరు కొట్టారు. అన్ని సబ్జెక్టులూ వచ్చాయి. ఒక్కటి పోయింది. ఆ ఒక్కటితో మొత్తం పరీక్ష పోయినట్టే. సీఏ అయినా, సీఎంఏ అయినా, ఇంకే ప్రొఫెషనల్ పరీక్ష అయినా ఈ బాధ ఒకటే. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనరు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఫీజు కట్టింది, హాస్టల్ ఖర్చు పంపింది అన్నయ్య అయితే ఇక చెప్పక్కర్లేదు.

సుమారు 135 ఏళ్ల క్రితం లండన్‌లో ఒక 20 ఏళ్ల కుర్రాడు సరిగ్గా ఇక్కడే నిలబడ్డాడు. ఆయన బొమ్మ మీ జేబులో ఉన్న ప్రతి నోటు మీదా ఉంటుంది. మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ. ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా మీరు స్కూల్లోనే చదివేశారు. ఆయన పరీక్ష తప్పిన సంగతి, రెండోసారికి ఎలా చదివారన్న సంగతి పాఠ్యపుస్తకంలో పెద్దగా కనిపించవు. మీకు ఇప్పుడు పనికొచ్చేది ఆ భాగమే.

మొదటి టర్ములోనే ఇంటికి

గాంధీ 1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో పుట్టారు. చదువులో మెరిసే పిల్లవాడేం కాదు. 1887లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడాది భావ్‌నగర్‌లోని సామల్‌దాస్ కాలేజీలో చేరారు. అక్కడ లెక్చరర్లు మంచివాళ్లే. చెప్పేది మాత్రం ఈయనకు బుర్రకెక్కలేదు. మొదటి టర్ము అయిపోగానే ఇంటికి తిరిగొచ్చేశారు. మీలో ఎవరైనా ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో క్లాసులో కూర్చుని ఒక్క ముక్కా అర్థం కాక బిక్కమొహం వేసి ఉంటే, ఆ స్థితి ఎలా ఉంటుందో మీకు తెలుసు.

అప్పటికే తండ్రి పోయి మూడేళ్లయింది. కుటుంబ స్నేహితుడు మావ్‌జీ దవే ఒక సలహా ఇచ్చారు. బీఏ చెయ్యాలంటే నాలుగైదేళ్లు పడుతుంది, చేసినా పెద్ద ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేదు, మూడేళ్లలో బారిస్టర్ అయిపోవచ్చు కాబట్టి ఇంగ్లండ్ పంపమన్నారు. ఖర్చు నాలుగైదు వేల రూపాయలు దాటదని లెక్క చెప్పారు. ఆ రోజుల్లో అది మామూలు మొత్తం కాదు. అన్నయ్య లక్ష్మీదాస్ ఎలాగోలా తెస్తానన్నారు.

బొంబాయి వచ్చాక కులపెద్దలు అడ్డం పడ్డారు. సముద్రం దాటితే వెలి వేస్తామన్నారు, వేశారు కూడా. ఈ కుర్రాడికి సాయం చేసినవాళ్లకీ, రేవు దగ్గరకి వెళ్లి సాగనంపినవాళ్లకీ రూపాయి నాలుగణాల జరిమానా అన్నారు. అయినా 1888 సెప్టెంబరు 4న ఓడ ఎక్కేశారు. వెనక భార్య, పసిబిడ్డ, తల్లి, అప్పు చేసే అన్న. ఇంత వదిలేసి వెళ్లినవాడికి పరీక్ష పోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

టోపీ, టై, వయొలిన్

లండన్‌లో దిగగానే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారనుకుంటున్నారా? లేదు. కొన్నాళ్లు పక్కదారి పట్టారు. ఇంగ్లిష్ దొరబాబులా కనిపించాలని 19 షిల్లింగులు పెట్టి ఎత్తయిన టోపీ కొన్నారు. బాండ్ స్ట్రీట్‌లో 10 పౌండ్లతో సూటు కుట్టించారు. పౌండుకు 20 షిల్లింగులు. రోజూ అద్దం ముందు పది నిమిషాలు టై సర్దుకోవడానికే పోయేది. డ్యాన్సు క్లాసుకి 3 పౌండ్లు కట్టారు. తాళం పట్టుబడక మూడు వారాల్లో ఆరు పాఠాలతో ఆపేశారు. సంగీతం మీద చెవి కుదురుతుందని 3 పౌండ్లకే వయొలిన్ కొన్నారు. బాగా మాట్లాడ్డం నేర్చుకోవాలని ఒక టీచరుకి ఫీజు కట్టారు.

ఇదంతా మూడు నెలలు సాగింది. ఆ తర్వాత ఆయనే తేరుకున్నారు. బతుకంతా ఇంగ్లండ్‌లో గడపబోనప్పుడు ఈ మాటతీరుతో, ఈ నాట్యంతో పనేమిటి? వచ్చింది చదువుకోవడానికి. వయొలిన్ అమ్మేశారు, క్లాసులు మానేశారు. బట్టల మీద మోజు మాత్రం ఇంకొన్నేళ్లు పోలేదు.

ఆ పక్కదారిలో కూడా ఒక అలవాటు ఆయన్ని వదల్లేదు. ఖర్చు రాసుకోవడం. బస్సు చార్జీ, తపాలా బిళ్ల, పేపరు కోసం ఇచ్చిన చిల్లర, ప్రతిదీ పుస్తకంలో ఎక్కేది. రాత్రి పడుకునేముందు లెక్క సరిచూసుకునేవారు. తర్వాతి రోజుల్లో లక్షల రూపాయల ప్రజల సొమ్ము చేతిలోకి వచ్చినప్పుడు పనికొచ్చింది ఈ అలవాటే. పరీక్ష పోయినప్పుడు కూడా పనికొచ్చింది.

ఐదు నెలల్లో రెండు కొత్త భాషలు

బారిస్టర్ కావడానికి అప్పట్లో రెండు షరతులు. ఒకటి, పరీక్షలు పాసవ్వాలి. రెండోది, లండన్‌లో ఇన్నర్ టెంపుల్ లాంటి న్యాయవాద సంస్థలో 12 టర్ములు, అంటే సుమారు మూడేళ్లు, సభ్యుడిగా ఉండాలి. టర్ము లెక్కలోకి రావాలంటే ఆ సంస్థ భోజనశాలలో టర్ముకి 24 విందుల్లో కనీసం ఆరింటికి హాజరు కావాలి. ఇదే అటెండెన్సు! నలుగురికి కలిపి రెండు సీసాల వైన్ ఇచ్చేవారు. గాంధీ తాగరు. కాబట్టి ఆయన తమ బల్ల దగ్గర కూర్చుంటే బాగుండునని తోటివాళ్లు పోటీపడేవారట. మాంసం కూడా ముట్టరు గనక ఆయన మటుకు రొట్టె, ఉడకబెట్టిన బంగాళాదుంప, క్యాబేజీతో సరిపెట్టుకునేవారు.

బారిస్టర్ చదువులో ఖాళీ సమయం చాలా ఉంది. ఇంగ్లిష్ బలహీనంగా ఉందని ఆయనకు తెలుసు. ఏదైనా కష్టమైన పరీక్ష రాయాలనుంటే లండన్ మెట్రిక్యులేషన్ రాయమని ఒక మిత్రుడు చెప్పారు. ఖర్చు ఎక్కువ కాదు, లోకజ్ఞానం పెరుగుతుంది అన్నారు. సిలబస్ చూసి గాంధీ భయపడ్డారు. లాటిన్ తప్పనిసరి. ఇంకో ఆధునిక భాష కూడా తప్పనిసరి. లాటిన్ వస్తే లా పుస్తకాలు తేలిగ్గా అర్థమవుతాయనీ, ఇంగ్లిష్ మీద పట్టు వస్తుందనీ మిత్రుడు నచ్చజెప్పారు.

ఒక ప్రైవేటు క్లాసులో చేరారు. మన భాషలో కోచింగ్ సెంటరే. పరీక్ష ఆరు నెలలకోసారి. చేతిలో ఉన్నది ఐదు నెలలు. నిమిషాల లెక్కన టైంటేబుల్ వేసుకున్నారు. ఫ్రెంచ్, సైన్సులో కెమిస్ట్రీ, అక్షరం కూడా తెలియని లాటిన్, అన్నీ కలిపి ఐదు నెలల్లో. రాశారు. ఫలితం వచ్చింది. లాటిన్‌లో తప్పారు.

కష్టపడలేదని ఎవరూ అనలేరు. గంటలు తక్కువయ్యాయనీ అనలేరు. మరి ఎందుకు పోయింది? మన గదుల్లో కూడా అర్ధరాత్రి దాటేదాకా లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫలితం మాత్రం రాదు. అందుకే ఆయన తర్వాతి అడుగు జాగ్రత్తగా గమనించండి.

రెండోసారికి ఏం మారింది?

బాధపడ్డారు, కుంగిపోలేదు. అప్పటికే లాటిన్ మీద కొంచెం రుచి పుట్టింది. ఇంకో ఆరు నెలలుంటే ఫ్రెంచ్ కూడా మెరుగవుతుందనుకున్నారు. అలాగని పాత టైంటేబుల్‌నే మళ్లీ గోడకు అంటించుకోలేదు. మూడు మార్పులు చేశారు.

మొదటిది సబ్జెక్టు. సైన్సులో కెమిస్ట్రీ ఎందుకు తీసుకున్నారో తనను తాను అడిగి చూసుకున్నారు. ఇండియాలో చదివింది అదే కాబట్టి తీసుకున్నారు, అంతే. ఇక్కడ ప్రయోగాలు చేసి చూసే వీల్లేదు. చేత్తో చేయనిది ఆయనకు మనసుకెక్కలేదు. దాన్ని వదిలేసి ఉష్ణం, కాంతి అనే పేపరు ఎంచుకున్నారు. తేలికని విన్నారు, తేలికగానే ఉంది. అక్కడ మిగిలిన సమయం లాటిన్‌కి వెళ్లింది. తప్పిన సబ్జెక్టు ఒకటైతే మార్చింది ఇంకోటి! పోయిన పేపరుకి టైము ఎక్కడినుంచి తేవాలో చూడటమే ఇందులో తెలివి.

రెండోది ఇల్లు. మొదట్లో ఒక ఇంగ్లిష్ కుటుంబంతో ఉంటూ వారం వారం డబ్బు కట్టేవారు. తర్వాత సొంతంగా రెండు గదులు తీసుకున్నారు. పని ఉన్న చోటికి అరగంటలో నడిచి వెళ్లేలా చూసుకున్నారు. దాంతో బండి చార్జీ మిగిలింది, రోజుకి ఎనిమిది పది మైళ్ల నడక కూడా అయింది. పరీక్ష పోయాక రెండు గదులు కూడా ఎక్కువే అనిపించాయి. ఒక్క గదికి మారారు. ఒక స్టవ్ కొన్నారు. పొద్దున ఓట్స్ జావ, కోకో తానే కాచుకునేవారు. వంటకి 20 నిమిషాలు చాలు. మధ్యాహ్నం బయట తినేవారు. రాత్రికి మళ్లీ రొట్టె, కోకో. తిండికి రోజుకి షిల్లింగు మూడు పెన్నీల్లో సరిపోయింది.

ఎందుకింత? ఖర్చు పుస్తకం చూసినప్పుడల్లా అన్నయ్య గుర్తొచ్చేవారు. అడిగినప్పుడల్లా ఆయన పంపుతూనే ఉన్నారు. మన ఇళ్లలో సాధారణంగా ఈ భారం మనసులో పెట్టుకుని కుమిలిపోతాం, చదువు మీద దృష్టి ఇంకా తగ్గుతుంది. గాంధీ దాన్ని లెక్కగా మార్చారు. ఎంత తగ్గించగలనో అంత తగ్గిస్తాను అనుకున్నారు. తగ్గించాక బరువూ తగ్గింది. ఆ జీవితం నీరసంగా ఏమీ లేదనీ, లోపలి జీవితానికీ బయటి జీవితానికీ పొంతన కుదిరిందనీ ఆయన తర్వాత చెప్పుకున్నారు.

మూడోది సమయం. ఇది మొదటి రెండిటి వల్ల దానంతటదే వచ్చింది. తిరుగుళ్లు తగ్గాయి, వేళకు భోజనాల కోసం ఎదురుచూడటం పోయింది. మిగిలిన గంటలన్నీ పుస్తకానికి వెళ్లాయి. 1890 జూన్‌లో రెండోసారి రాశారు. పాసయ్యారు.

నోట్సుతో గట్టెక్కే పరీక్ష

ఇక అసలు పరీక్ష, బారిస్టర్ది. ఇది విచిత్రంగా తేలిక. రెండే భాగాలు, రోమన్ లా, ఇంగ్లండ్ కామన్ లా. రోమన్ లాకి నోట్సు బట్టీ పట్టి రెండు వారాల్లో రాసేవాళ్లు ఉన్నారు. కామన్ లాకి రెండు మూడు నెలలు చాలు. పాఠ్యపుస్తకాలున్నా చదివేవాళ్లు తక్కువ. రోమన్ లాలో నూటికి 95 మందికి పైగా, చివరి పరీక్షలో 75 మందికి పైగా పాసయ్యేవారు. ఏడాదికి నాలుగుసార్లు పెట్టేవారు.

లాటిన్‌లో ఒకసారి దెబ్బతిన్నవాడు ఇక్కడ ఏం చేయాలి? దగ్గరిదారి పట్టుకుని ఊపిరి పీల్చుకోవాలి. మనలో చాలామంది అదే చేస్తాం. పాత ప్రశ్నపత్రాలు, బిట్ బ్యాంకు, గట్టెక్కితే చాలు. గాంధీ పుస్తకాలన్నీ కొన్నారు. వాటి మీద డబ్బు పెట్టి చదవకపోవడం మోసం చేసినట్టు అనిపించింది ఆయనకు. రోమన్ లాని లాటిన్‌లోనే చదివారు. ఏ లాటిన్ ఆయన్ని తప్పించిందో అదే ఇప్పుడు చేతి పనిముట్టు అయింది. బ్రూమ్ రాసిన కామన్ లా, స్నెల్ రాసిన ఈక్విటీ, ఆస్తి చట్టాల మీద విలియమ్స్, ఎడ్వర్డ్స్, గుడీవ్ పుస్తకాలు, ఇలా ఒక్కొక్కటీ పూర్తి చేశారు. కొన్ని బోరు కొట్టాయి, కొన్ని నవలలా సాగాయి. ఇతరులు రెండు మూడు నెలల్లో ముగించే కామన్ లాకి ఆయన తొమ్మిది నెలలు పెట్టారు.

అంత అవసరమా అని మీరు అడగొచ్చు. జవాబు లండన్‌లో దొరకలేదు, తర్వాత దక్షిణాఫ్రికాలో దొరికింది. అక్కడ నడిచేది రోమన్ డచ్ చట్టం. లాటిన్‌లో చదివిన రోమన్ లా అక్కడ అక్షరాలా పనికొచ్చింది.

పట్టా వచ్చింది, పని రాలేదు

1891 జూన్ 10న బారిస్టర్ పట్టా చేతికొచ్చింది. 11న హైకోర్టులో పేరు నమోదు చేయించుకున్నారు. 12న ఇంటికి ఓడ ఎక్కారు. ఇక్కడితో ఆపేస్తే కథ హాయిగా ఉంటుంది. ఉద్యోగాలు వెతుక్కుంటున్న మీకు మాత్రం తర్వాతి రెండేళ్లే ముఖ్యం.

బొంబాయిలో దిగాక తల్లి చనిపోయిన వార్త తెలిసింది. పరాయి దేశంలో తట్టుకోలేడని అన్నయ్య అప్పటిదాకా దాచారు. ఆ దుఃఖం దిగమింగుకుని కోర్టు మెట్లెక్కారు. మొదటి కేసు మామీబాయి అనే ఆమెది, చిన్న సివిల్ కోర్టులో. ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచి నిలబడ్డారు. తల తిరిగింది. కోర్టు మొత్తం గిర్రున తిరిగినట్టు అనిపించింది. ఒక్క ప్రశ్న కూడా నోట రాలేదు. కూర్చుండిపోయి, కేసు తెచ్చినాయనకు ఫీజు వెనక్కిచ్చేసి, వేరే లాయరును పెట్టుకోమని చెప్పి బయటికి వచ్చేశారు. తొమ్మిది నెలల కామన్ లాలో నలుగురి ముందు నిలబడటం లేదు.

టీచరు ఉద్యోగానికి ప్రయత్నించారు. ఒక హైస్కూలువాళ్లు రోజుకి గంట ఇంగ్లిష్ చెప్పడానికి 75 రూపాయల జీతమని పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఇంటర్వ్యూకి పిలిచారు. బీఏ లేదన్నారు. లండన్ మెట్రిక్యులేషన్ ఉంది, అందులో లాటిన్ కూడా పాసయ్యాను అని చెప్పుకున్నారు. కావాల్సింది గ్రాడ్యుయేట్ అన్నారు. అంత కష్టపడి తెచ్చుకున్న పాసు అక్కడ చెల్లలేదు. నోటిఫికేషన్‌లో మీ క్వాలిఫికేషన్ లేదని అప్లికేషన్ పక్కన పడేసినప్పుడు కలిగే మంట ఇదే.

ఆరు నెలలకి బొంబాయి గది ఖాళీ చేసి రాజ్‌కోట్ వెళ్లిపోయారు. అక్కడ కోర్టులో వాదించే పని పక్కన పెట్టి అర్జీలు రాసిచ్చే పని మొదలుపెట్టారు. నెలకి 300 రూపాయల దాకా వచ్చేది. బారిస్టరు అర్జీలు రాయడమేంటని సిగ్గుపడుతూ ఇంట్లో కూర్చోలేదు.

పీ నోటు అంటే ఏంటి?

1893లో దక్షిణాఫ్రికాలోని దాదా అబ్దుల్లా కంపెనీ పిలిచింది. ఏడాది పని, 105 పౌండ్లు, రానుపోను ఖర్చులు. పెద్ద బారిస్టర్‌గా కాదు, దాదాపు కంపెనీ ఉద్యోగిగా. వెళ్లారు. కేసు 40,000 పౌండ్లది, మొత్తం ఖాతాల గొడవ. గుమాస్తా వివరిస్తూ మాటిమాటికీ పీ నోటు అంటున్నాడు. గాంధీకి అర్థం కాలేదు. డిక్షనరీలో చూశారు, లేదు. చివరికి గుమాస్తానే అడిగారు. ప్రామిసరీ నోటు అని చెప్పాడు. మన ఊళ్లలో అప్పు తీసుకునేటప్పుడు రాసుకునే ప్రోనోటే! లండన్‌లో చదివొచ్చిన బారిస్టర్‌కి ప్రోనోటంటే తెలియదు.

ఆయన చేసిన పని చూడండి. బుక్ కీపింగ్ పుస్తకం ఒకటి కొని కూర్చుని చదివారు. మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. పని అడిగింది కాబట్టి చదివారు. ప్రిటోరియాలో ఆ కేసు కాగితాలన్నీ తిరగేసి, రెండు పక్షాల లెక్కలూ ఆకళించుకున్నారు. కోర్టులో కొట్టుకుంటూ పోతే లాయర్ల ఫీజులకే ఇద్దరూ కరిగిపోతారని గ్రహించి, బంధువులైన ఆ ఇద్దరు వ్యాపారుల్ని మధ్యవర్తి ముందు కూర్చోబెట్టారు. దాదా అబ్దుల్లా గెలిచారు. సుమారు 37,000 పౌండ్లు ఒక్కసారిగా కట్టమంటే ఓడినాయన దివాలా తీస్తారు. వాయిదాల మీద తీసుకునేందుకు తన క్లయింటును ఒప్పించడానికి గాంధీ ఇంకా ఎక్కువ కష్టపడ్డారు. బొంబాయి కోర్టులో నోరు పెగలని మనిషి లాయరుగా నిలబడింది అక్కడే.

మరి మీ రెండో అటెంప్ట్?

ఈ కథ చదివి రోజుకి ఇంకో రెండు గంటలు ఎక్కువ చదువుతాను అనుకుంటే సగమే పట్టుకున్నట్టు. గాంధీకి మొదటిసారి కూడా గంటలున్నాయి. రెండోసారి ఆయన వెతికింది గంటలు ఎక్కడ కారిపోతున్నాయో. మార్కుల మెమో ముందు పెట్టుకుని అడగండి. ఈ ఆప్షనల్ నేనెందుకు తీసుకున్నాను? డిగ్రీలో చదివాననా, ఫ్రెండ్ తీసుకున్నాడనా? అశోక్‌నగర్‌లో గదికీ, లైబ్రరీకీ, కోచింగ్‌కీ మధ్య రోజుకి ఎంతసేపు బస్సులో పోతోంది? ఇంటినుంచి వచ్చే డబ్బు దేనికి ఎంత పోతోందో ఒక్క నెల రాసి చూశారా? ఈ మూడు జవాబులూ మీ చేతిరాతలో ఉంటే పాత టైంటేబుల్ ఎక్కడ మార్చాలో తెలుస్తుంది.

ఇంకొకటి. ఏ సబ్జెక్టు పోయిందో దాన్ని శత్రువులా చూడకండి. కాస్ట్ అకౌంటింగ్ కావచ్చు, టాక్సేషన్ కావచ్చు, రేపు మీ బల్ల మీదికి వచ్చే ఫైలు అదే కావచ్చు. పాసయ్యే మేరకు మాత్రం చదివి వదిలేస్తే ఆ రోజు మళ్లీ మొదటికొస్తారు. పాసయ్యాక ఇంటర్వ్యూలో నోరు పెగలకపోతే, మీ సర్టిఫికెట్ అక్కడ చెల్లకపోతే, అప్పుడు కూడా దారి మూసుకుపోదు. రాజ్‌కోట్‌లో అర్జీలు రాసే పనో, తెలియని మాటను గుమాస్తాని అడిగి తెలుసుకునే పనో ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని చిన్నదనుకోకుండా పట్టుకోండి.

ఈ రాత్రికి ఒక పని చేయండి. మెమో తీసి, పోయిన పేపరు పక్కన కారణం ఒక్క వాక్యంలో రాయండి. సరిగా చదవలేదు అని మాత్రం రాయకండి. అది కారణం కాదు. రేపు పొద్దున్న మీరు మార్చగలిగేది ఏదో, అది రాయండి.